ఎడల్పున్న కాడ దాటినం

రిటైరయ్యే రెండేండ్ల ముందు, వానకాలంల, నన్ను చిమ్కోడ్ ఊరి దిక్కు ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి వేసిన్రు. నేను ఏఎన్ఎంని, అంటే ఊళ్లల్ల గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే నర్సుని. చిద్రిల మా ఇంటి నుంచి రోజూ బస్సుల పోయి వస్తుంటి.

ఒకనాడు పొద్దుగాల్ల, అందరు మామ అని పిలిచే పెద్దాయన నర్సప్ప ఉపకేంద్రానికి వచ్చిండు. వాళ్లు వాగవతల చేనుల కాపురముంటరు. ఎనిమిదో నెల నడుస్తున్న కోడలు అనసూయకు తలనొప్పి, కాళ్లకు వాపు అన్నడు. బీపీ మిషన్, మందులు సంచిల పెట్టుకొని ఆయన వెంట నడిచిన. అంతా నల్లరేగడి. అడుగు తీస్తే చెప్పు బురదలనే ఉండిపోతుండె. చెప్పులు చేతపట్టుకున్న.

వాగు ఇరుకుగ ఉన్న చోట దిగబోతే మామ ఆపిండు.

“ఈడ వద్దు సిస్టరమ్మా. సన్నగున్న కాడ నీళ్లు గుంజుతయి. ఎడల్పున్న కాడికి పోదాం.”

అరమైలు పైకి పోతే నీళ్లు మోకాలి లోతే. కట్టె ముందు ఆనించుడు, అది నిలిచినంక ఒక అడుగు. సంచి పట్టీ మెడల వేసుకోవద్దు, జారితే వదిలేసేటట్టు ఒక్క భుజానికే ఉంచుమన్నడు.

అనసూయ బీపీ నూట అరవై మీద నూట పది. మూత్రంల అల్బుమిన్, అంటే పోకూడని ప్రొటీన్, కనిపించింది. బీపీ ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తయి. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన గోలీ ఇచ్చిన. అంబులెన్సును వాగు ఇవతల, ఉపకేంద్రం దిక్కు రోడ్డుకు పిలిపించిన. ఆమెను మంచం మీద అదే ఎడల్పు కాడికి తెచ్చేసరికి, ఎగువన వాన పడి నీళ్లు నడుముల దాక వచ్చినయి.

ఆమె భర్త శంకర్ ఆగలేకపోయిండు. “ఎత్తుకొని నేనే దాటిస్త సిస్టరమ్మా. ఇంకెప్పుడు పోయేది?”

వద్దన్న. నాకూ లోపల భయంగనే ఉండె. నీళ్లు పెరుగుతున్నయా తగ్గుతున్నయా తెలిసేటట్టు అంచున పుల్ల గుచ్చి, పావుగంటకోసారి బీపీ చూసుకుంట కూసున్న. అనసూయ నా చెయ్యి విడువలే. “పిల్ల తన్నుతాంది సిస్టరమ్మా” అన్నది. ఆ మాటకు కొంచెం ధైర్యమొచ్చింది.

గంటన్నరకు నీళ్లు బాగ తగ్గి, పుల్ల నీళ్లు లేని గడ్డ మీద నిలవడ్డది. శంకర్, పక్క చేన్లోళ్లు ముగ్గురు మంచాన్ని భుజాలకెత్తుకున్నరు. మామ కట్టెతో లోతు చూసుకుంట ముందు నడిచిండు. తెల్లారి దవాఖానల ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ ఇద్దరూ బాగనే ఉన్నరు.

అప్పటిదాక జల్ది తీసుకపోవుడే నా పని అనుకుంటుంటి. ఎక్కడ ఆగాలె, ఆగినంత సేపు ఏం చూసుకుంట ఉండాలె అన్నది కూడ డ్యూటీయేనని ఆ దినం తెలిసింది. మరుసటేడు వానలు పడకముందే, వాగవతల నెలలు నిండవచ్చిన ముగ్గురు గర్భిణులను ఇవతలి చుట్టాలిండ్లకు చేర్పించిన.