గేటు ఎత్తి తోసినవాడు

నా ఎస్సే చివర ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న: "ఈ ఆలోచన ఎవరిది?" మార్కుల గడి ఖాళీ. మంగళవారం మధ్యాహ్నం వచ్చి కలవమని దాని కింద ఇంకో ముక్క. అంటే నేను కాపీ కొట్టానని. ఆ మాట అనేస్తే పోయేది. అనకుండా ఆ మర్యాద ఒకటి! ఒళ్లు మండిపోయింది.

అప్పట్లో పరాయి దేశంలో చదువుకుంటూ, క్లేటన్ అనే పేటలో ఐదుగురు అమ్మాయిలం ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అందరిదీ అకౌంటింగే. నేను మాత్రం ఎలెక్టివ్ కింద పాత టీవీ సీరియళ్ల సబ్జెక్టు తీసుకున్నాను. ట్యూటర్ ఒక నలుపు తెలుపు కౌబాయ్ సీరియల్ ఎపిసోడ్ చూపించి, దాని మీద రాయమన్నాడు.

తలకు దెబ్బ తగిలి గతమంతా మరిచిపోయిన మనిషొకడు ఒక ఊరికి వస్తాడు. భర్త హత్యకు గురైన ఒకావిడ జాలిపడి అతనికి తన ఇంట్లో చోటిస్తుంది. అతనెవరో తనకు తెలియదంటుంది. చివర్లో మళ్లీ తలకు దెబ్బ, అన్నీ గుర్తొచ్చేస్తాయి. మన సినిమాల్లో చూడనిదా! ఆవిడ భర్తను చంపింది అతనేనని తేలుతుంది. ఆవిడ మాత్రం పాపం, అమాయకురాలు.

అమాయకురాలా, నా మొహం! ఆవిడ పెరటి గేటు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. షెరీఫ్ వచ్చినప్పుడల్లా దాన్ని లాగి, తన్ని, తిట్టుకుంటాడు. ఈ మనిషి మాత్రం మొదటి రోజే గేటును కాస్త పైకెత్తి, మోకాలితో తోసి లోపలికొస్తాడు. ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తుంది, ఆశ్చర్యపోదు. అంటే భర్త బతికుండగానే అతను ఆ ఇంటికి చాలాసార్లు వచ్చాడు. అతను నిజంగానే మరిచిపోయాడు, చేతులు మరిచిపోలేదు. అతన్ని ఎరగనట్టు నటించింది ఆవిడ. నేను రాసింది ఇదే.

మా అద్దె ఇంటి గేటు కూడా అదే బాపతు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా దానితో కుస్తీ పట్టాల్సిందే. ఎత్తి తోశారంటే ఆ ఇంటికి అలవాటైనవాళ్లన్నమాట. ఈ మాత్రం దానికి పుస్తకాలు కాపీ కొట్టాలా?

మా అందరిలోకీ పెద్దది, మేం అక్కా అని పిలిచే రాజమండ్రి అమ్మాయి నన్ను ఆపబోయింది.

"ఎందుకే తల్లీ ఈ గోల! సారీ చెప్పి రీసబ్మిట్ చేస్తానని అడుగు. యూనివర్సిటీతో పేచీ పెట్టుకుంటే రికార్డుకెక్కుద్ది. రేపు వీసా మీదకొస్తే?"

"చెయ్యనిదానికి సారీ చెప్తే రికార్డుకెక్కదా? చచ్చినా చెప్పను అక్కా."

మంగళవారం ట్యూటర్ గదిలో కూర్చున్నాను. ఎవరైనా సాయం చేశారా అని, నాకు ఇంగ్లీషు రాదన్నట్టు, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. భయం లేదంటే అబద్ధం. 

"క్యాసెట్ పెట్టండి," అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

పెట్టాడు. గేటు దగ్గర ఆపమన్నాను. మా ఇంటి గేటు సంగతి చెప్పి, లేచి నిలబడి, ఎలా ఎత్తాలో, ఎలా తోయాలో ఉత్త చేతులతో చేసి చూపించాను. నవ్వబోయి ఆగిపోయాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. మూడోసారి ఆవిడ మొహం దగ్గర తనే ఆపాడు.

"ఎన్నో ఏళ్లుగా ఈ ఎపిసోడ్ పాఠం చెప్తున్నాను. ఈ గేటు సంగతి ఎప్పుడూ గమనించలేదు," అన్నాడు.

తర్వాత పెన్ను తీసి ఖాళీ గడిలో మార్కులు వేశాడు. మంచి మార్కులే. ఎస్సే నా వైపు జరిపాడు. అక్క ఉంటే అక్కడితో నన్ను బయటికి లాక్కుపోయేది. నేను దాన్ని మళ్లీ ఆయన వైపే జరిపాను.

"ప్రశ్న అడిగారు కదా. జవాబు కూడా రాయండి."

ఆయన మళ్లీ పెన్ను అందుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ప్రశ్న పక్కనే, అదే ఎర్ర పెన్నుతో "నీది" అని రాసి, కింద సంతకం పెట్టాడు.

కాగితాలు తీసుకుని లేచాను. థాంక్స్ చెప్పలేదు.