తొక్కినానని చెప్పిన రోజు

మొన్న సైకిలు షాపు ముందు పంక్చరు సొల్యూషన్ వాసన తగలగానే నా నోరు ఊరుకోలేదు. ఈ వీధిలో సైకిలు తొక్కే హక్కు తెచ్చింది నేనేనని పంక్చరు వేసేవాడికి చెప్పేశాను. నిజానికి తెచ్చింది వకీలు నారాయణప్ప. చింతామణి కోర్టుకు గొడుగు వేసుకుని నడిచి వచ్చేవాడు. సైకిలు ఎక్కడం ఆయనకు రాదు.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మా పేట పంచాయితీ ఈ బజారు వీధిలో సైకిళ్ళను నిషేధించింది. ఎవడో సైకిలువాడు ఒక పెద్దమనిషి మామగారిని గుద్దాడట. ఎద్దుల బండ్లకు మాత్రం అడ్డులేదు. హోటళ్ళకు పాలు వేసే నాకు వేరే దారి లేదు. క్యాన్లతో తోసుకుంటూ పోతే ఆలస్యమై, హోటళ్ళవాళ్ళు ఇంకొకరిని చూసుకుంటున్నారు. ఒకనాడు తెగించి తొక్కాను. పంచాయితీవాళ్ళు సైకిలు పట్టుకుపోయి కేసు పెట్టారు.

తోసుకునే పోయానని చెప్పడానికి ఇద్దరు సాక్షులను సిద్ధం చేసి నారాయణప్ప దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

"తొక్కినావా, లేదా?"

"తొక్కినాను సామీ. కానీ..."

"తొక్కలేదని చెప్తే సైకిలు వస్తాది. బజారు దావ మాత్రం మూసే ఉంటాది. రేపు దాన్ని నెత్తిన పెట్టుకొని పోతావా అప్పా?"

కోర్టులో మెజిస్ట్రేటు తొక్కావా అని అడిగాడు. వరండాలో నా సాక్షులు వక్కాకు నములుతున్నారు. నారాయణప్ప నా వైపు చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. తొక్కినానని చెప్పేశాను.

అప్పుడు ఆయన లేచాడు. మెల్లగా పొమ్మనండి, సంతనాడు దిగి నడవమనండి, ఒప్పుకుంటాం. బండ్లు పోయే దారిని సైకిలుకు మూసే అధికారం పంచాయితీకి ఏ చట్టం ఇచ్చిందో చూపండి అన్నాడు. అవతలి వకీలు పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పాడు. దొరకలేదు. నిషేధం చెల్లదని తీర్పు వచ్చింది. సైకిలు చేతికి రాగానే కోర్టు ముందే ఎక్కాను.

"జనం ఉండారు. దిగి తోసుకొని పో" అన్నాడు నారాయణప్ప.

తర్వాత ఏళ్ళ తరబడి నేను కథను తిరగేసి చెప్పాను: వకీలు అబద్ధం చెప్పమన్నాడు, నేనే నిజానికి నిలబడ్డాను అని. ఒకసారి హోటల్లో అదే చెబుతుంటే వెనక బల్ల దగ్గర ఆయనే ఉన్నాడు. కాఫీ ముగించి నా భుజం తట్టాడు.

"బాగుండాది. కోర్టులో గూడా ఇంత గట్టిగా చెప్పింటే బాగుండు."

అంతే. నా బల్ల దగ్గరి వాళ్ళెవరికీ అసలు సంగతి చెప్పలేదు. ఆ పని నాకే వదిలి వెళ్ళాడు. ఆ పూట నేను చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఏ కథ ఎంత పెంచినా, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసే లేస్తాను.