పిలుపుల దగ్గర కోసిన మాటలు

ఆఫీసులో అందరూ అతన్ని కత్తెర అంటారు. చేతిలో కత్తెర ఏనాడూ ఉండదు. పాత పుస్తకాల్ని స్కాన్ చేస్తే వచ్చే అంతూ దరీ లేని అక్షరాల్ని ముక్కలు చేయడం అతని పని. ఎక్కడ తెగాలో చెప్పే గుర్తుల వరుస ఒకటి రాసి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తాడు. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. కామా దగ్గర గానీ, పేజీ నంబరు దగ్గర గానీ అని రాస్తే చాలు, పుస్తకమంత ముద్ద రెప్పపాటులో వరుసలుగా విడిపోతుంది. కోత పడిన చోటున్న గుర్తు మాత్రం మిగలదు. అదీ కావాలంటే దాని చుట్టూ బ్రాకెట్లు పెట్టాలి. కామాలు ఎవరిక్కావాలి? బ్రాకెట్లు పెట్టే అలవాటు అతని వేళ్లకు లేదు.

"మా ఆవిడ మాటలక్కూడా ఒకటి రాసిపెట్టు కత్తెరా," అనేవాడు పక్క సీటాయన. "ఎక్కడ ఆగుతుందో తెలీక నోరు తెరిచే సందు దొరకట్లేదు."

"మా ఆవిడ నయం. కొత్త సంగతెత్తే ముందు పిలిచి మరీ చెబుతుంది," అనేవాడు కత్తెర.

నిజమే. అతని భార్య బట్టలు కుట్టేది. చేతులు మిషను మీద ఉంటే, బల్ల మీది ఫోనుకు నోటితో చెప్పేది. ఫోను రాసి పంపేది. చుక్క ఉండదు, కామా ఉండదు, ఏరు పారినట్టు మాటలు. కానీ ప్రతి సంగతికీ ముందు ఒక పిలుపు. మామూలుగా ఉంటే ఇదిగో. వెక్కిరించాలంటే మహానుభావా. మనసు మెత్తబడితే బంగారం. కోపమొస్తే దొరగారూ. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎండో వానో అతనికి తెలిసిపోయేది.

ఒక ఉదయం ఆమె కొత్తగా కుట్టిన కర్టెన్లు చూసి, "ఆస్పత్రి గదికైతే బాగుంటాయి," అన్నాడు. ఆమె పలకకుండా తన కుట్టు దుకాణానికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి సందేశం వచ్చింది. అతనికింకా బెట్టు దిగలేదు, తెరవలేదు. సాయంత్రం ఆమె రోడ్డు దాటుతుంటే లారీ వచ్చింది. ఆమె ఫోనూ ఆమెతోపాటే నుజ్జయింది.

తర్వాత ఆ సందేశాన్ని తెరవడానికి అతనికి చెయ్యి రాలేదు. మొదటి మాట దొరగారూ అయితే ఆమె కోపంతోనే వెళ్లిపోయినట్టు. బంగారం అయితే ఆ కోపం మధ్యాహ్నానికే కరిగినట్టు. అతనికి కావలసింది ఆ ఒక్క మాటే. అతని భయమూ దాని గురించే.

"అమ్మ మాటల్ని ఒక్కో వరుసగా విడదీసి పెట్టు నాన్నా. రోజుకొకటి చదువుకుంటాను," అని కూతురు అడిగింది. అప్పటికే అతని ఫోను పాడవుతుంటే, ఆమె సందేశాలన్నీ చదవకుండానే కంప్యూటర్లోకి దించి, ఫోను ఖాళీ చేసి మార్చేశాడు. ఒక సెలవు రోజు ఉదయం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇదిగో గానీ, మహానుభావా గానీ, బంగారం గానీ, దొరగారూ గానీ వచ్చిన చోటల్లా కోయమని రాశాడు. వచ్చినదాన్ని పాత ఫైలు మీదే సేవ్ చేసేశాడు. ఆఫీసు కంప్యూటరైతే పాత ప్రతిని తనే దాచి ఉంచుతుంది. ఇంట్లోది అలాంటిది కాదు.

వరుసలు వచ్చాయి. 'తలుపు గడియ వదులైంది చూడు.' 'నీ చొక్కాకి గుండీ కుట్టాను పొట్ట తగ్గిస్తే అదీ నిలుస్తుంది.' 'మబ్బు పట్టింది తడవకుండా రా.'

కూతురు నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపింది.

"నాన్నా, అమ్మ నిన్ను ఎక్కడా పిలవట్లేదేంటి?"

అతను తను రాసిన గుర్తుల వరుస చూసుకున్నాడు, పిలుపుల చుట్టూ బ్రాకెట్లు లేవు.

"వెనక్కి తేలేవా?"

"ఎక్కడ పిలిచిందో తెలుసమ్మా. ఏమని పిలిచిందో పోయింది."

చివరి వరుసకు జరిగాడు. ఇన్నాళ్లూ చదవనిది. 'కర్టెన్లు విప్పేస్తాను సాయంత్రం నువ్వొచ్చి నీకు నచ్చిన రంగు చెప్పు.'

"బంగారం అనే ఉంటుంది నాన్నా. పెట్టేయ్."

"నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు."

అయినా ముందు బంగారం అని కొట్టాడు. ఆమె గొంతు వినిపించింది. చెరిపి దొరగారూ అని కొట్టాడు. అదీ ఆమె గొంతే. చెరిపేశాడు.

"మొదట్నుంచి చదవనా?" అంది కూతురు.

చదివింది. ప్రతి వరుసకూ ముందు కాస్త ఆగింది. ఆ సందులో అతను మెల్లగా అందించాడు. గడియకు ఇదిగో. పొట్టకు మహానుభావా. మబ్బుకు బంగారం. తప్పో ఒప్పో, ఇద్దరికీ సరిపోయింది.

చివరి వరుస దగ్గర కూతురు ఆగింది. అతను కిటికీకేసి చూశాడు. ఆమె విప్పుతానన్న కర్టెన్లు అక్కడే గాలికి కదులుతున్నాయి.

కూతురు అతను అందిస్తాడేమోనని ఇంకాసేపు చూసి, ఏ పిలుపూ లేకుండానే చదివింది.