సర్వర్ ఒప్పందమూ నూట పన్నెండు పాటలూ

మా నాన్న రైలింజను డ్రైవరు. రిటైరయ్యాక మా చర్చి సంఘంలో పెద్ద. ఈ రెండు పనులూ ఆయన ఒకే పద్ధతిలో చేశాడు. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ అని ఒక కాగితం ఇస్తారు. ఏ వంతెన మీద, ఏ గేటు దగ్గర బండి నెమ్మదిగా పోవాలో అందులో ఉంటుంది. చదివి సంతకం పెట్టాలి. నాన్న నిలబడి, ప్రతి లైనూ పైకి చదివి, అప్పుడు పెట్టేవాడు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడికి కూడా ఆ వేళ ఏ వంతెన మీద ఎంత స్పీడో తెలిసిపోయేదని అమ్మ వెక్కిరించేది.

ఆయన కొడుకుని నేను. పైగా గుఢియారీలో మా తెలుగు సంఘం ఆదివారపు బడిలో లేఖనాలు కంఠతా పట్టి పెరిగినవాణ్ణి. విశ్వాసి అవునన్నాడంటే అది అవునే అయి ఉండాలని మాకు నేర్పారు. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఒకసారి ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసు పనంతా రెండు రోజులు ఆపేశాను.

మేముండే హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆ ఫ్యాక్టరీలో ఇనప కమ్మీలు కోసి, వెల్డింగ్ చేసి షెడ్లకి ఫ్రేములు తయారు చేసేవారు. నేను ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులూ గేటు పాసులూ కొట్టేవాణ్ణి. అది పైకి కనపడే పని. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునే వేళ నేను చేసే పని ఇంకొకటి ఉంది. అది ఫ్యాక్టరీ యజమాని సేఠ్‌జీకి తెలియదు.

మా సంఘంలో ఒక మామ్మ ఉండేది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికూతురుగా వచ్చి, ఇక్కడి క్వార్టర్లలో ఆడవాళ్ల ప్రార్థన కూటాలకి వెళ్తూ, వాళ్లు కట్టుకున్న పాటలన్నీ నోటికి పట్టేసింది. కట్టినవాళ్లు ఒక్కొక్కరే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మిగతా అందరికీ పల్లవి వస్తుంది, మహా అయితే మొదటి చరణం. చివరిదాకా వచ్చేది మామ్మకొక్కతెకే. చదువు రాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, ఇయన్నీ ఒక బుక్కులో ఎయ్యి. నాను సదవనేను గానీ, సేత్తో పట్టుకోవాలని ఉంది."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆమె పాడేది, నేను రాసుకునేవాణ్ణి. సోమవారం నుంచి మధ్యాహ్నాలు ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో టైపు కొట్టేవాణ్ణి. రాసుకున్నది కూడా రద్దయిన గేటు పాసుల వెనకవైపే. టైపు అయిపోయిన చీటీని చించి పారేసేవాణ్ణి, ఎవరి కంటా పడకూడదని. రెండేళ్లలో నూట పన్నెండు పాటలు అయ్యాయి. రెండు నెలల్లో సంఘం వార్షికోత్సవం. ఆ రోజుకి పుస్తకం మామ్మ చేతిలో పెట్టాలి.

అప్పుడే సేఠ్‌జీకి సర్వర్ కావాలనిపించింది. ఒక పెద్ద కంపెనీ నుంచి సోమవారం మనుషులొస్తారు, ఆఫీసు చూస్తారు, ఐదారు కంప్యూటర్లు విడివిడిగా కాక, ఒకదాంతో ఒకటి కలిసి పనిచేస్తుంటే ఆర్డరు ఇస్తారు. అలా కలపడానికి మధ్యలో ఒక పెద్ద కంప్యూటర్ ఉండాలి, దాంట్లో సర్వర్ సిస్టం వేయాలి. సిస్టం సీడీ డబ్బా వచ్చింది గానీ కొత్త కంప్యూటర్ మాత్రం టాటీబంధ్‌లో ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో ఎవరిదో సిమెంటు లోడు వెనక ఇరుక్కుపోయింది.

"ఆఫీసులో గట్టి కంప్యూటర్ నీదే కదా," అన్నాడు సేఠ్‌జీ. "దాంట్లోనే వేసెయ్."

మామ్మ పాటలున్నది దాంట్లోనే. తర్వాత సర్దుకున్నాను. డిస్క్ రెండు భాగాలుగా ఉంది, సి అనీ డి అనీ. కొత్త సిస్టం సి లో కూర్చుంటుంది. పాటలు డి లో ఉన్నాయి, వాటి జోలికి రాదు. అయినా ముందు ఫ్లాపీల్లోకి ఎక్కించుకోవాలనుకున్నాను. కానీ ఫ్యాక్టరీలో మొదటిసారి సర్వర్ వేస్తున్నారని గురువారం పొద్దున్నే మునీంజీ తన కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకున్నాడు. లెక్కలు చూసే మనిషి. ఎవరి ముందున్న కాగితమైనా తలకిందులుగా చదవగలడు. ఆయన కళ్లెదుట తెలుగు పాటలు నూట పన్నెండు ఫ్లాపీలోకి ఎలా ఎక్కించను? డి భాగం క్షేమమే కదా అని సీడీ పెట్టాను.

నీలం రంగు తెర వచ్చింది. తెల్లటి అక్షరాల్లో పెద్ద ఒప్పందం. అడుగున ఒక లైను: నేను ఈ ఒప్పందం చదివి అంగీకరిస్తున్నాను, ఎఫ్ ఎనిమిది నొక్కండి.

వెనక సేఠ్‌జీ నిలబడి ఉన్నాడు. "నొక్కు."

"చదవాలి సేఠ్‌జీ."

"ఏం చదవాలి?"

"చదివాను అని ఉంది. నేను చదవలేదు."

సేఠ్‌జీ మునీంజీ వంక చూశాడు. మునీంజీ నా వంక చూశాడు. "అరే పాదరీజీ," అన్నాడు సేఠ్‌జీ. కోపం వచ్చినప్పుడు నన్ను అలాగే పిలిచేవాడు. "దునియాలో ఇది చదివినవాడు ఒక్కడు చూపించు!"

"నేను చదివాక చూద్దురు గాని."

ఆయన ఫోన్ మోగడం వల్ల బతికిపోయాను. డిక్షనరీ తెప్పించుకుని మొదటి పేజీ మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం గూడ్సు బండంత పొడుగు. గార్డు పెట్టె కనపడేసరికి ఇంజను మరిచిపోతాం. కొన్ని పేరాలు మొత్తం పెద్దక్షరాల్లో ఉన్నాయి, ప్రవక్తలు పట్టణాల మీద పలికిన శాపాల్లాగా. వాటిని రెండేసిసార్లు చదివాను.

మధ్యాహ్నానికి ఒక చోట ఆగాను. ఈ సిస్టంని అణు కేంద్రాలు నడపడానికి వాడరాదని ఉంది. సేఠ్‌జీ అటుగా వెళ్తూ అడిగాడు, "ఎక్కడిదాకా వచ్చావు?"

"అణు కేంద్రం దగ్గరికి."

"మనం ఉర్లాలో అణు కేంద్రం పెడుతున్నామా?"

"లేదు సేఠ్‌జీ. కానీ పెట్టబోమని మాటివ్వాలి కదా."

"ఇస్తున్నా. నా తరఫున, నా పిల్లల తరఫున ఇస్తున్నా. ఇక నొక్కు!"

అప్పుడే షెడ్డులో వెల్డింగ్ మిషన్లన్నీ ఒక్కసారే వేసినట్టున్నారు, ఫ్యూజు పోయింది. తెర నల్లబడింది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి పేజీ. మునీంజీ నవ్వి నవ్వి దగ్గాడు. ఇప్పుడు తలచుకుంటే అది ప్రభువు నాకిచ్చిన అవకాశం. సీడీ బయటికి తీసి, పాత సిస్టం తెరిచి, ఫ్లాపీల్లోకి పాటలు ఎక్కించుకోమని ఆయన కరెంటు కూడా తీసి చూపించాడు. నేనేమో నా నిజాయితీకి పరీక్ష వచ్చిందనుకుని ఎఫ్ ఎనిమిది దగ్గరికి మళ్లీ నడక మొదలుపెట్టాను.

సాయంత్రం ఇంట్లో నాన్నకి చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "శభాష్‌రా. సంతకమంటే సంతకమే. ఎవడు తొందరపెట్టినా బండి కదపకు." ఆ మాటతో నేను ఇంకో అంగుళం పెరిగాను.

శుక్రవారం నాకు అసలు సంగతి దొరికింది. ఆ డబ్బాతో ఐదు కంప్యూటర్లనే కలపడానికి అనుమతి ఉంది. గేటు దగ్గరిదానితో కలిపి మావి ఆరు. సేఠ్‌జీ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు తల పట్టుకున్నాడు. ఆఖరికి, "గేటువాడు కాగితం మీదే రాసుకుంటాడు. దాని వైరు పీకెయ్," అన్నాడు. వైరు నేనే పీకాను. చూశారా, చదవడం అంటే ఇదీ అన్నట్టు మునీంజీ వంక చూశాను. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. గర్వం గురించి అంతకు రెండు వారాల ముందే సంఘంలో నేను వాక్యం చెప్పి ఉన్నాను.

శనివారం పొద్దున చివరి పేజీ అయింది. ఆఫీసంతా వెనక చేరింది. సేఠ్‌జీ కూడా వచ్చాడు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, నిండు మనస్సాక్షితో ఎఫ్ ఎనిమిది నొక్కాను. ఎవరో చప్పట్లు కొట్టారు.

తర్వాతి తెర మీద ఒకే ఒక్క లైను ఉంది. పక్కన ఔను, కాదు. రెండు రోజులు అన్ని పేజీలు చదివినవాడికి ఒక్క లైను ఏపాటి? చప్పట్లు ఇంకా వినపడుతుండగానే ఔను నొక్కాను.

నొక్కాక చదివాను. ఈ డిస్క్ మీద ఉన్నదంతా, అన్ని భాగాలతో సహా, తుడిచివేయబడుతుంది.

తెర అడుగున ఒక పసుపు గీత మెల్లగా కుడివైపుకి పాకుతోంది. పది శాతం. పదిహేను. "ఏమైంది, ముఖం అలా పెట్టావు?" అన్నాడు సేఠ్‌జీ. "ఏం లేదు సేఠ్‌జీ, బాగా నడుస్తోంది," అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. నా జన్మలో అంత చక్కగా నడిచిన పని ఇంకొకటి లేదు. సాయంత్రానికి సర్వర్ సిద్ధమైంది. ఐదు కంప్యూటర్లూ కలిశాయి. మామ్మ పాట ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. ఒప్పందం సంగతి దగ్గర ఆమెన్‌లు వినిపించాయి. ఒక్క లైను సంగతి దగ్గర నాన్న ముందు వరసలో లేచాడు. "కాషన్ ఆర్డర్‌లో అసలైంది ఒక్క లైనే ఉంటాదిరా," అన్నాడు. "ఫలానా వంతెన మీద స్పీడు ఇరవై. అంతే. ఆ ఒక్క లైను కోసమే రా మిగతా కాయితమంతా." కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. "ఇంకో సంగతి. ఆ కంప్యూటర్ సంఘానిది కాదు. ఇక్కడ చెబితే సరిపోదు."

నేను మామ్మ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాను. ముఖం ఎత్తలేకపోయాను.

"అన్నీ పోనాయా బాబూ?"

"అన్నీ మామ్మా."

"ఏటి పోతాయి? కంప్యూటర్లోవి పోనాయి. నా నోట్లోవి పోనేదు కదా." కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మంచిదే అయినాది. ఆ నలభయ్యో పాట ఉందే, మూడో సరణం నాను తప్పు సెప్పీసినాను. ఎలా సెప్పాలా అని అప్పట్నుంచీ బెంగ. ఇంకో పదో ఇరవయ్యో గుర్తొచ్చినాయి కూడా. కాయితం ఉందేటి?"

నా జేబులో గేటు పాసులున్నాయి. తియ్యలేదు. ఆ రోజు పక్కింటి పిల్లల నోటుబుక్కులో రాశాను. ఆమె పాడుతుంటే చూశాను, రెండేళ్ల కిందటికంటే గొంతు సన్నబడింది. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఎక్కువసేపు ఆగుతోంది. మళ్లీ రెండేళ్లు పట్టకూడదు. మధ్యాహ్నాలు తప్ప నాకు వేరే వేళ లేదు, ఆ ఆఫీసు తప్ప వేరే కంప్యూటర్ లేదు. సేఠ్‌జీ ఔననాలి.

సోమవారం పెద్ద కంపెనీవాళ్లు వచ్చి, చూసి, తల ఊపి వెళ్లారు. సేఠ్‌జీ మంచి ఉషారులో ఉన్నాడు. అదే అదననుకుని లోపలికి వెళ్లి అన్నీ చెప్పాను. రెండేళ్ల మధ్యాహ్నాలు, కరెంటు, గేటు పాసుల వెనకవైపు, మామ్మ, డి భాగం. మునీంజీ కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన లేకుండా నాకు ఏ రహస్యమూ చెప్పుకునే యోగం లేదు.

"అంటే," అన్నాడు సేఠ్‌జీ, "ఊరు పేరు తెలియని కంపెనీవాడికి అబద్ధం చెప్పకూడదని నా ఆఫీసు రెండు రోజులు ఆపావు. నా కంప్యూటర్‌లో నాకు తెలియకుండా పుస్తకం దాచుకున్నావు."

"అవును సేఠ్‌జీ."

"ఆ అణు కేంద్రం మాట కూడా నా చేత ఇప్పించావు."

"అవును సేఠ్‌జీ."

ఆయన పొట్ట కదలడం మొదలైంది. మొదట ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని అడిగాడు, "ఆ ముసలమ్మకి ఎన్నేళ్లు?"

"ఎనభై దాటాయి."

"మధ్యాహ్నాలు కొట్టుకో. కానీ ఒప్పందం రాస్తా. నువ్వు ఒప్పందాల మనిషివి కదా." ఒక లెటర్‌హెడ్ తీసి, హిందీలో ఒకే ఒక్క లైను రాసి, నా వైపు తిప్పాడు. పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు. "చదివి పెట్టు. నిదానంగా. ఒక్క లైనే ఉంది."

చదివాను. ఈ ఆఫీసు కంప్యూటర్లలో సేఠ్‌జీకి తెలియనిది నాది ఏదీ లేదు.

పెన్ను పట్టుకున్నాను. రెండోసారి చదివాను. సర్వర్‌లో ఏమీ లేదు, అది కడిగిన పళ్లెంలా ఉంది. కానీ శనివారం నుంచి నాకు కూర్చోడానికి ఇచ్చిన మూల కంప్యూటర్ ఉంది. దాంట్లో పేకాట ఉంది. ఆ రోజే, ఆ పసుపు గీత నూటికి చేరుకునేదాకా దుఃఖం ఆపుకోవడానికి పదకొండు ఆటలు ఆడాను. సంఘంలో పేకముక్క ముట్టుకోం. స్కోరు దాంట్లో నా పేరు మీదే ఉంది.

పెన్ను బల్ల మీద పెట్టాను.

"సేఠ్‌జీ, ఒక్క ఐదు నిమిషాలు ఇప్పించండి."

ఆయన నోరు తెరిచేలోపే లేచాను. తలుపు దగ్గరికి వెళ్లేసరికి నా వెనక ఇంకో కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే మునీంజీ, కళ్లద్దాలు సవరించుకుంటూ, తన కంప్యూటర్ వైపు నాకంటే వేగంగా నడుస్తున్నాడు.