కారం అడిగిన పిల్ల

నా చిన్నప్పుడు గురజాల దగ్గర మా ఊళ్ళో కారం లేని కూర అంటే జ్వరమొచ్చినవాళ్ళకు పెట్టే పథ్యమే. కంచంలో ఏది పడినా పైన ఇంత కారం చల్లుకోవాల్సిందే. ఇప్పుడీ మాట ఎందుకు ఎత్తానంటే, పోయిన వారం నరసరావుపేటలో మా వీధి చివరి ఇటాలియన్ హోటల్లో ఒకాయన మీద గట్టిగా అరిచాను.

నాలుగు బల్లలున్న చిన్న హోటలది. నడిపే అమ్మాయి నా కూతురి ఈడుది. ఆమె చేసే టమాటా పాస్తా కోసం వారం వారం వెళ్తాను. టమాటా, వెల్లుల్లి, నూనె, ఉప్పు, అంతే. ఆ రోజు పక్క బల్ల ఆయన ఒక్క పోగైనా నోట్లో పెట్టుకోకుండానే, "ఏందమ్మా ఇది, కారం లేదు, మసాలా లేదు?" అంటూ ప్లేటు తోసేశాడు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. వచ్చే నెల నుంచి ఈ వంటే మానేస్తానంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రుచి చూడకుండా నీకెట్లా తెలిసిందయ్యా అని నలుగురిలో నిలదీశాను. ముక్కూ మొహం తెలియని మనిషిని అలా అనొచ్చా అంటే, అనొచ్చు.

మా మేనత్త, తన భర్త పోయాక, మా నాన్న దగ్గరే ఉండేది. ఊళ్ళో సిస్టర్ల మఠంలో వంట చేసేది, ఇంటికొచ్చి మాకూ వండేది. ఆమెకేది ఇష్టమో అడిగినవాళ్ళు లేరు. మఠంలో ఇటలీ నుంచి వచ్చిన ముసలి సిస్టరమ్మ దగ్గర ఈ పాస్తా వంట నేర్చుకుని, ఒక క్రిస్మస్‌కి మాకు చేసిపెడతానని తనంతట తనే చెప్పింది. ఒక్కసారి తన చేతి వంటను ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటే వినాలని ఆమె ఆశ. ముందురోజే గుడ్లు కొట్టి పిండి కలిపి, పల్చగా ఒత్తి, చాకుతో సన్నగా కోసి, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి ఆరబెట్టింది. పండగ పొద్దుట పొయ్యి ముందు నుంచి లేవకుండా టమాటాలు సన్నసెగ మీద మగ్గబెట్టింది.

అందరికీ వడ్డించి, మా మొహాల వంక చూస్తూ నిలబడింది. నాకప్పుడు ఏడేళ్ళు. ముద్ద ఎత్తకముందే "అత్తా, కారం ఏది?" అని అరిచాను. తాతయ్య నవ్వి కారం డబ్బా తెప్పించాడు. ఆయన చల్లుకున్నాక అందరూ చల్లుకున్నారు. బాగుందన్నారు కూడా.

అందరూ లేచాక అత్త నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆమె మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. గిన్నె అడుగున మిగిలింది నా అరచేతిలో పెట్టి, "తిని చెప్పవే, ఏం తక్కువైందో" అంది. తిన్నాను. తీపీ పులుపూ కలిసిన టమాటా, ఆ వెనకాలే వెల్లుల్లి. ఏమీ తక్కువ కాలేదు. ఇంకొంచెం పెట్టమన్నాను.

"ఇంకేడుందే? అందరూ కారం తిని లేచారుగా" అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా, పోయేదాకా మా ఇంట్లో మళ్ళీ ఆ వంట చెయ్యలేదు.

అప్పటినుంచి ఎవరు వండిపెట్టినా మొదటి ముద్ద వాళ్ళు పెట్టింది పెట్టినట్టే తింటాను. పాస్తా మానేస్తే ఊరుకోనని హోటలమ్మాయికి గట్టిగా చెప్పాను. "ఎవరూ తినట్లేదు పెద్దమ్మా" అంది. నేను తింటున్నాను కదే అన్నాను. ప్లేటు తోసినాయన మీద కోపం ఇంటికొచ్చేసరికి చల్లారింది. ఆ ఏడేళ్ళ పిల్ల మీద మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.