పడవను వంచి చూసిన మా యారాలు

మా యారాలు పోయిందన్న కబురు నాకంటే ముందు నా బిడ్డకు చేరింది. యారాలు ఉన్నది వనపర్తిలో, నేనున్నది గద్వాలలో. బస్సెక్కితే పూట కూడా పట్టని దూరం. నా బిడ్డ రజిత ఉన్నది ఎక్కడో సముద్రం ఒడ్డున, ఓడలు కట్టే ఊళ్లో. అయినా మా మరిది మొదట ఫోన్ చేసింది రజితకే. నేను ఎనిమిదో తరగతికి పద్యం చెప్తుండగా రజిత ఫోన్ వచ్చింది. "అమ్మా, చిన్నమ్మ పోయింది" అని ఏడ్చింది. పిల్లలను ఆటస్థలానికి పంపి కిటికీ దగ్గర నిలబడ్డాను. దుఃఖం కంటే ముందు నా మనసులోకి ఒక ప్రశ్న వచ్చింది. నేను పోతే ఇది ఇట్లా ఏడుస్తుందా?

మా పాలమూరు వైపు తోడికోడలిని యారాలు అంటాం. అత్త కొట్టినందుకు కాదు, యారాలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా అత్త నన్ను ఎన్నడూ కొట్టలేదు. మా యారాలు నన్ను చూసి ఎన్నడూ నవ్వలేదు. నా కష్టమంతా అదే. ఆమెలో ఒక్క వంక దొరికినా నా కడుపుమంటకు ఒక సాకు ఉండేది. తెలుగు టీచర్ను కనుక దాన్ని అసూయ అని రాస్తున్నాను, మా ఇంట్లో దాన్ని కుళ్ళు అంటారు. ఆ కుళ్ళుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అది పక్కన పెట్టి రాయమంటే, నాకు తెలిసిన మనిషిలో సగమే మిగులుతుంది.

ఆమె అమ్రాబాద్ పిల్ల. అడవి అంచున పెరిగి, ఏ పుణ్యానో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పరిశోధనకు పడవలను ఎంచుకుంది. పడవ నీళ్ళ మీద ఎట్లా నిలబడుతుంది, ఎప్పుడు తిరగబడుతుంది అన్నది ఆమె చదువు. వనపర్తిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తూ ఆ పరిశోధన చేస్తుండగానే మా ఇంటికి చిన్న కోడలుగా వచ్చింది. మా అత్త పుట్టింది, మెట్టింది గట్టు అనే ఊళ్లోనే. వాన పడితేనే పంట అనే నేల అది. కొత్త కోడలిని కూర్చోబెట్టి అత్త అడిగిన మొదటి మాట నాకింకా చెవిలో ఉంది.

"మా గట్టుల తాగనీకే నీళ్ళు కష్టం. నువ్వు పడవల చదువు చదివి ఏడ నడుపుతవు పిల్లా?"

"నడపను అత్తమ్మా. మునగకుంట చూస్త."

"ఎట్ల చూస్తవు?" అంది అత్త. అంతే, కొత్త కోడలు లేచి పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరికి పోయింది. స్టీలు గిన్నెలో ఉల్లిగడ్డలు వేసి నీళ్ళ మీద వదిలి, వేలితో ఒక పక్కకు వంచింది. గిన్నె చటుక్కున లేచి నిలబడింది. తర్వాత గిన్నె మీద పళ్ళెం పెట్టి ఆ ఉల్లిగడ్డలనే పైకి చేర్చి మళ్ళీ వంచింది. ఈసారి గిన్నె తీరుబడిగా, ఉయ్యాలలాగా ఊగింది.

"గిదే బాగున్నది. మంచిగ ఊగుతున్నది" అంది అత్త.

"హాయిగ ఊగేదే ముంచుతది అత్తమ్మా. చటుక్కున లేచే పడవల కడుపుల తిప్పుతది గని, ఒడ్డుకు చేరుస్తది" అంటూ ఆమె ఇంకొంచెం వంచింది. పళ్ళెం జారి, ఉల్లిగడ్డలు తేలి, గిన్నె మునిగిపోయింది. అత్త చిన్నపిల్లలాగా నవ్వింది. "ఇంకోపారి చెయ్యి" అంది. నేను వంటింట్లో జొన్నరొట్టె కాలుస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ రొట్టెలు నేనే చేస్తున్నాను. నా పక్కన పీట వేసుకుని కూర్చుని "ఇంకోటి చెయ్యి" అని అత్త ఎన్నడూ అనలేదు. ఆ రోజు రొట్టె మాడింది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. "చూసి చెప్త అక్కా" అనేది. పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నా చూసి చెప్త, వాన వస్తుందా అన్నా చూసి చెప్త. మొదట్లో నాకు చిరాకొచ్చేది. తర్వాత మా ఇంటిల్లిపాదికీ ఆ మాట అంటుకుంది. మా ఆయన కూడా, నేను ఏళ్ల తరబడి నేర్పాలని చూసిన ఓపికను ఆమె నోటి మాట నుంచి నేర్చుకున్నాడు.

ఇక ఆ పడవ సంగతి చెప్పాలి.

కృష్ణ అవతలి ఒడ్డున ఒక గుడిలో అత్తకు మొక్కు ఉంది. అందరం కలిసి నాగర్‌కర్నూలు వైపు రేవుకు పోయాం. అక్కడ ఒక మోటారు పడవ జనాన్ని దాటిస్తుంది. ఎక్కువ మందిని ఎక్కించడానికి యజమాని దాని కప్పు మీద ఇనుప చట్రం బిగించి కుర్చీలు వేయించాడు. గాలి బాగా వస్తుందని అత్త నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ముందు వరసలో కూర్చుంది. ఆమె వెనుక ఇంకా చాలామంది ఎక్కారు. నేనూ ఎక్కబోతుంటే మా యారాలు నా కొంగు పట్టుకుని ఆపింది. ఆమె కళ్ళు పడవ మీదే ఉన్నాయి. మనిషి మనిషీ ఎక్కుతుంటే పడవ ఒరిగి, మళ్ళీ నిలబడడానికి చాలా సేపు తీసుకుంటోంది. తొట్టిలో గిన్నె నాక్కూడా గుర్తొచ్చింది.

"అందరు కిందికి దిగుండ్రి" అని ఆమె ఒడ్డు మీద నుంచి గట్టిగా అరిచింది.

పడవ యజమాని పరుగెత్తుకొచ్చాడు. "ఏంది మేడమ్, జనాన్ని పరేషాన్ చేస్తున్నరు? నేను ఎన్నో ఏండ్ల సంది నడుపుతున్న!"

"పైన కుర్చీలు ఎప్పుడు ఏసినవు?"

ఆయన తడబడ్డాడు. "మొన్ననే... అయితే ఏంది?"

"గిది నువ్వు ఇన్నేండ్ల సంది నడిపిన పడవ కాదు. కొత్త పడవ" అంది ఆమె.

పైనున్నవాళ్ళు కేకలు వేశారు. మొక్కు పొద్దు దాటిపోతుందన్నారు, చదువుకున్నోళ్ళ చాదస్తం అన్నారు. నేను ఒడ్డు మీద నిలబడి మా అత్తను చూస్తున్నాను. మా అత్త కూర్చున్న చోటు నుంచి ఆమెను లేపడం నా వల్ల ఎప్పుడూ కాలేదు, నా మొగుడి వల్ల కూడా కాలేదు. ఆమె చిన్న కోడలి వైపు ఒక్కసారి చూసింది. లేచింది. వెనక్కి తిరిగి, నిచ్చెన పట్టుకుని దిగింది. ముసలామె దిగుతుంటే మిగతావాళ్ళూ గొణుక్కుంటూ దిగారు. ఆ రోజు మేం నది దాటలేదు. తిరుగు బస్సులో అత్త, "దేవుడు ఏడికి పోతడు, రేపు గూడ ఆడ్నే ఉంటడు" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నేను చెప్తే దిగేదా అత్త? అదొక్కటే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను.

మా యారాలు ఆ పడవను వదల్లేదు. మళ్ళీ పోయి యజమానితో మాట్లాడింది. ఆయన మొదట తిట్టి పంపాడు. ఇంకోసారి పోతే ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఆయన భార్యతో కూర్చుని మాట్లాడుతుంటే మాత్రం ఓ చెవి వేసి ఉంచాడు. చివరికి, "మా ఇంటోళ్ళు గూడ గిదే పడవ ఎక్కుతరు. ఏం చూస్తవో చూడు" అన్నాడట.

పడవకు పరీక్ష పెట్టిన రోజు నేనూ పోయాను. నిజం చెప్పాలంటే, రజిత పోతానన్నది కనుక పోయాను. అది అప్పుడు ఇంటర్ చదువుతోంది. గాలి లేని తెల్లవారుజామున పడవను నిశ్చలంగా నిలబెట్టారు. పడవ బరువు ఎంత ఎత్తున కూడుకుని ఉందో కంటికి కనిపించదు. ఇసుక బస్తాలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపితే పడవ కొద్దిగా ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో కొలిస్తే ఆ లెక్క బయటపడుతుంది. కొలవడానికి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులాంటిది పొడుగు దారానికి వేలాడదీశారు. గుండు ఊగకుండా నూనె బకెట్లో ముంచారు. దారం స్కేలు మీద ఎక్కడ నిలిచిందో చదివే పని రజితది. ఒక్క బస్తా జరగడం, అందరూ ఊపిరి బిగబట్టడం, రజిత చదవడం. మధ్యలో గాలి లేస్తే మళ్ళీ మొదటి నుంచి.

ఎండెక్కింది. పొద్దుటి నుంచి బిడ్డ ఏమీ తినలేదు. నేను పులిహోర డబ్బా పట్టుకుని, పడవ ఎక్కడానికి వేసిన చెక్క పలక మీద కాలుపెట్టి, "రజితా, జర తిను రా బిడ్డా" అని పిలిచాను. అది తల తిప్పలేదు. దారం మీద నుంచి చూపు తీయకుండా అరచేయి ఎత్తి చూపింది. "అమ్మా, కదలకు!"

ఆగిపోయాను. ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు పలక మీద. నా బిడ్డ ముఖం అంత వెలుగుతూ ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేను పద్యాలు నేర్పినప్పుడు అది ఆవలిస్తూ వల్లించేది. ఒడ్డు మీద రాయి మీద కూర్చుని లెక్కలు వేస్తున్న మా యారాలు కూడా తల ఎత్తలేదు. వాళ్ళిద్దరి మధ్య ఆ దారం ఒక్కటే ఉంది. నేను దానికి ఇవతల ఉన్నాను.

లెక్క తేలింది. కప్పు మీద జనం కూర్చుంటే ఆ పడవ ఒక మోస్తరు అలకు కూడా ఆగదు. అందరూ ఒకే పక్కకు జరిగి చూసినా చాలు, తిరగబడుతుంది. ఆమె ఆ మాట చెప్పినప్పుడు యజమాని తల పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. ఆమె ఆయనకు బుద్ధులు చెప్పలేదు. పక్కన కూర్చుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఆ వారంలోనే ఆయన ఇనుప చట్రం కోయించి పారేశాడు. ఆ తర్వాత ఆ రేవులో మిగతా పడవలకూ పరీక్షలు జరిగాయి. కొందరు తిట్టారు, కొందరు పిలిచి చేయించుకున్నారు. ఆమె రాసిన పత్రాలు ఎక్కడెక్కడో అచ్చయ్యాయి. వాటిని నేను చదవలేను, రజిత చదువుతుంది.

"ఇంత చేసినవు, ఎవ్వరన్న నీ పేరు తలుస్తరా?" అని ఒకసారి అడిగాను. ఆ అడగడంలో కొంచెం సంతోషం కూడా ఉంది నాకు.

"మునగని పడవ ఎవ్వరికి యాదికుండదక్కా" అని నవ్వి చాయ్ తాగింది.

రజిత ఓడల ఇంజనీరింగ్ చదువుతానంది. గద్వాలలో నా కళ్ళ ముందు ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటుందని నేను అనుకున్నాను. కాలేజీలో చేర్పించడానికి ముగ్గురం పోయాం. అక్కడొక పొడుగాటి హాలు, రైల్వే ప్లాట్‌ఫారంలా సాగిన నీళ్ళ తొట్టి. చిన్న నమూనా ఓడను పట్టాల మీది బండితో లాగుతూ, దాని మీదికి అలలు పంపుతున్నారు. మా యారాలు, రజిత తొట్టి అంచు పొడుగునా ఆ ఓడ వెంట నడుస్తూ పోయారు. నేను ఇద్దరి హ్యాండ్‌బ్యాగులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె కొడుకేమో పెద్దయ్యాక విత్తనాల వ్యాపారంలో పడ్డాడు, పడవ బొమ్మ కూడా ఎన్నడూ ముట్టుకోలేదు. పడవల మీద ఆ ఆసక్తి నా ఇంట్లోనే పుట్టాలా?

తర్వాత ఆమెకు జబ్బు చేసింది, అది ముదిరాక వనపర్తి పోయి కొన్నాళ్ళు ఆమె దగ్గర ఉన్నాను. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే మెల్లగా అంది. "అక్కా, రజితది అచ్చం నీ తీరే."

"ఏడ నా తీరు? మొత్తం నీ తీరే."

"నా పత్రంల తప్పు దొరికితే ఏమంటదో తెలుసా? 'మళ్ళా చదువు చిన్నమ్మా, నిమ్మళంగ చదువు' అంటది. నువ్వు బళ్ళె పిల్లలకు చెప్పే గొంతే. గా గొంతుకే నేను భయపడేది."

చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా బిడ్డలో నేనెక్కడున్నానో కూడా ఈమే చూసి చెప్పాలా?

"కుళ్ళుకుంటున్నవా?" అంది.

"మస్తు" అన్నాను. ఆమె నవ్వింది. దగ్గు వచ్చి ఆగిపోయింది. మూతి తుడిచి, మిగిలిన జావ తాగించాను.

దహనం గట్టులో మా చెలకలో, ఆ మెట్ట పొలంలోనే జరిగింది. రజిత వచ్చేదాకా ఆపారు. అస్థికలు కృష్ణలో కలపాలనుకుంటుండగా ఆ పడవ యజమానే ఫోన్ చేశాడు. "మా రేవుకు తెండ్రి. నేను తీస్కపోత" అన్నాడు. ఆమె కొడుకు కుండ పట్టుకున్నాడు, రజిత వాడి భుజం పట్టుకుంది. చావు కబురు విన్నప్పటి నుంచి మాట్లాడని మా అత్త కూడా వస్తానని చేత్తో సైగ చేసింది. నడి నదిలో మోటారు ఆపారు. కార్యం అయిపోయింది.

పడవ వెనక్కి తిరిగింది. అత్త నా పక్కనే అంచుకు కూర్చుంది. కాసేపటికి ఆమె కుడిచేయి అంచు దాటించి, చిన్న కోడలిని కలిపిన ఆ నీళ్ళలో పెట్టింది. ముందుకు ఒరుగుతుందేమోనని నేను ఆమె నడుము చుట్టూ చేయి వేసి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. ముడతలు పడ్డ ఆ వేళ్ళ వెనుక నీళ్ళు సన్నగా చీలుతున్నాయి, కొంచెం దూరం పోయి మళ్ళీ కలిసిపోతున్నాయి. పడవ ఒడ్డుకు తగిలేదాకా ఆమె ఆ చేయి తీయలేదు.