సైటక్క కళ్లజోడు

కళ్లజోళ్ల దుకాణంలో ఆర్డర్ల బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరూ సైటక్క అంటారు. మనిషి పేరు మరిచిపోతుందేమో గానీ, ఆ మనిషి సైటు మాత్రం మరిచిపోదు. చీటీ మీద రెండే అంకెలు వేసేది. పైది కుడికన్ను, కిందిది ఎడమ. దుకాణం పుట్టినప్పటి నుంచీ అదే ఆనవాయితీ. ఒకరికొకరు చెప్పుకున్నది లేదు.

ఉన్నట్టుండి అద్దాల ఫ్యాక్టరీ చీటీలు చెల్లవంది. ఆర్డర్లన్నీ ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ ఫైళ్లుగా రావాలట. అది నేర్పడానికి వ్యాపారస్తుల కోసం పెట్టిన తరగతికి యజమాని సైటక్కను పంపాడు.

"నేర్చుకున్నావా, బల్ల నీదే. లేదంటే ప్యాకింగ్ గదిలోకి వెళ్దువుగాని."

చదువుకు వయసు అడ్డుకాదనే సుభాషితం గోడ మీద బాగుంటుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లకి తల బొప్పి కడుతుంది. పంతులమ్మ మాత్రం డొంకతిరుగుడు లేని మనిషి.

"ప్రతి సంగతికీ ముందొక పేరు, వెనక మళ్లీ అదే పేరు. రెండూ మొనదేలిన బ్రాకెట్లలో. వెనకదానికి ఒక ఏటవాలు గీత. మొదటిది డబ్బా మూత తీయడం, రెండోది పెట్టడం. అంతే అక్కా."

"డబ్బాలో డబ్బా పెట్టొచ్చా?"

"భేషుగ్గా. లోపలి మూత పెట్టాకే బయటి మూత."

"ఆ సంగతి మా ఇంట్లో మీ బావగారికి తప్ప అందరికీ తెలుసు."

పరీక్షకు నిజమైన ఆర్డరే పంపాలన్నారు. సైటక్క తన కళ్లజోడుకే పంపింది. ఒక్క మూతా తెరిచి లేదు. కంప్యూటర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. అద్దాలొచ్చాయి. పెట్టుకుని లేచిందో లేదో, నేల పక్కకి ఒరిగింది. బల్ల పట్టుకుంది.

"ఏంటక్కా, పొద్దున్నే ఊగుతున్నావ్?" అన్నాడు ఫ్రేములు బిగించేవాడు.

"ఊగేది నేను కాదురా, భూమి."

కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ వచ్చాయి. యజమాని ప్యాకింగ్ గది వైపు చూశాడు. ఆవిడ పంతులమ్మకు ఫోన్ చేసింది.

"రెండు అంకెలకీ ఏం పేర్లు పెట్టావక్కా?"

"రెండిటికీ పవర్ అనే. ముందున్నది కుడే కదా!"

"అది మీ దుకాణానికి తెలుసు. కంప్యూటర్ ఆర్డర్లలో ఫ్యాక్టరీ వాళ్లు ఎడమ ముందు చదువుతారు. మూతలు సరిగా ఉన్నాయా లేదా అనే కంప్యూటర్ చూసింది. డబ్బాలో ఏముందో నువ్వు చెప్పాల్సిందే."

సైటక్క ఫోన్ పెట్టేసి సొరుగులోంచి పాత చీటీ ఒకటి తీసి చూసింది. ఇన్నేళ్లూ తన చీటీలో ఉన్నది సగమే! మిగతా సగం తన తలలో, చదివేవాళ్ల అలవాటులో ఉండేది. గాలిలో వేలాడే ఆ సగాన్ని నమ్ముకుని ఎంతమంది కళ్లు రోడ్డు దాటాయో!

కుడికన్ను, ఎడమకన్ను అని వేర్వేరు పేర్లు పెట్టింది. వరస మాత్రం ముట్టుకోలేదు.

"కుడే ముందుంది. మళ్లీ తారుమారే కదా?" అన్నాడు యజమాని.

"చూద్దాం ఉండండి."

మళ్లీ పంపిన ఆర్డరుకి అద్దాలొచ్చాయి. పెట్టుకుని లేస్తే, ఈసారి నేల ఎక్కడిదక్కడే ఉంది. వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

"మీ దగ్గర వరస ఎవరు సరిచేశారండీ?"

"ఎవరూ లేరమ్మా. మెషినే పేర్లు చదువుకుని చేసింది."

ఆవిడ ముఖం చూడనిది, ఆనవాయితీ తెలియనిది, అసలు ఏమీ తెలియనిది, చెప్పిన రెండు పేర్లు పట్టుకుని అంతదూరం నుంచి సరిగ్గా ఆవిడ కుడికంటి దగ్గరికొచ్చి ఆగింది.

యజమాని కంప్యూటర్‌ను సైటక్క బల్ల మీదికి జరిపించాడు. ఆవిడ అటు చూడలేదు. కిటికీ అవతల, వీధికి ఆ పక్క, దర్జీ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఆ దారం కొస కనిపిస్తోంది.